ఒకటికి నూట నలభై నాలుగు

ఈ మధ్య తెలుగులో మొదటి విమాన ప్రయాణం గురించిన వ్యాసాలు బాగా ఎక్కువయ్యాయి. ఒకటి చదివితే చాలు, మిగతావన్నీ చదివినట్టే. కిటికీ పక్క సీటు. దూదిపింజల్లాంటి మేఘాలు. ట్రేలో చాక్లెట్లు పట్టుకొచ్చిన ఎయిర్‌హోస్టెస్, ఒకటి తీసుకోవాలా రెండు తీసుకోవాలా అన్న మొహమాటం. కిందకి చూస్తే అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు. పక్కన నాన్న. చివరి పేరాకి వచ్చేసరికి నాన్న ఉండరు, మేఘాలు మాత్రం అలాగే ఉంటాయి. చదివినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. రాసినవాళ్ళ కళ్ళు ముందే చెమర్చి ఉంటాయి.

నాన్నలతో నాకేం పేచీ లేదు. నా పేచీ ఒక్కటే. ఏ విమానం?

ఈ ప్రశ్న అడిగితే రచయితలు నన్ను అదోలా చూస్తారు. పెళ్ళి ఫొటో చూపిస్తే కెమెరా ఏ కంపెనీదని అడిగినట్టు. కానీ రైలు గురించి రాసేటప్పుడు వీళ్ళే ఇలా రాయరు. ఊరికే "రైలెక్కాను" అని వదిలెయ్యరు. గోదావరి అంటారు, ఫలక్‌నుమా అంటారు, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ అంటారు. విశాఖలో ఇంజను వెనక వైపుకి మారుస్తారని, రాజమండ్రి వంతెన మీద చిల్లర విసురుతారని, సైడ్ లోయర్‌లో పడుకుంటే కాళ్ళు ఎక్కడికి వస్తాయో అన్నీ రాస్తారు. చేపల పులుసు గురించి రాస్తే అది కొర్రమీనో బొచ్చో చెప్పకపోతే ఎడిటర్ ఊరుకోడు. మామిడికాయ దగ్గర మనకున్న పట్టింపు చెప్పనే అక్కర్లేదు. ఒక్క విమానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాతి మొత్తం కళ్ళు మూసుకుని మేఘాల్లోకి వెళ్ళిపోతుంది. 1950ల డకోటా అయినా, ఎనభైల ఎయిర్‌బస్ అయినా, మొన్నటి ఇండిగో అయినా ఒకటే మేఘం, ఒకటే చాక్లెట్టు.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. పుస్తకాల గురించి అప్పుడప్పుడూ ఇలా రాస్తుంటాను. మిగిలిన సాయంత్రాలు ప్లాస్టిక్ విమానాలు చేస్తాను. ఫైటర్ జెట్లు కావు, ప్రయాణికుల విమానాలు, అవీ పాతవి. ఎగరవు, రిమోట్ ఉండదు, పిల్లలు ఆడుకుంటే విరిగిపోతాయి. "మరెందుకు?" అని అడిగే ప్రతివాళ్ళకీ ఒక మర్యాద జవాబు ఉంది నా దగ్గర, ఒత్తిడి తగ్గుతుందండీ అని. అసలు జవాబు వేరు. జ్ఞాపకం రాసేవాళ్ళకి లేని ఒక నిర్బంధం మోడల్ చేసేవాళ్ళకి ఉంది. ప్రతిదీ తేల్చుకోవాలి. ఏ విమానం, ఏ కంపెనీది, ఏ సంవత్సరంలో ఎలా ఉన్నది, ఏ ఇంజన్లు, తోక దగ్గర ఏ నంబరు. "పాత రోజుల్లో ఓ పెద్ద విమానం" అనే కిట్టు ప్రపంచంలో ఏ కంపెనీ అమ్మదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ముక్కలుంటాయి. విమానం ఒళ్ళు చీల్చిన చేపలా రెండు నిలువు సగాలుగా వస్తుంది. అతికించాక మధ్యలో అతుకు పడుతుంది. దాని మీద పుట్టీ పెట్టాలి, మన పెయింటర్ల మాటలో లప్పం. అది ఆరాక వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి. చూపుడు వేలికి తగలకుండా పోయేదాకా రుద్దాలి, ఎందుకంటే కంటికి కనిపించని అతుకు వేలికి తెలుస్తుంది. వేలికి కూడా తెలియనిది తెల్ల రంగు వెయ్యగానే బయటపడుతుంది. ప్రయాణికుల విమానాలు చాలావరకు తెలుపు. యుద్ధ విమానాలు చేసేవాళ్ళు మచ్చల రంగులు పులిమి తప్పులు దాచుకోవచ్చు. మాకా సుఖం లేదు.

ఇలాంటి విమానాలకి మామూలుగా వాడే స్కేలు 1/144. ఎ320 అసలు పొడవు 37.57 మీటర్లు, నా బల్ల మీద 26 సెంటీమీటర్లు. 747-400 అక్కడ డెబ్భై మీటర్ల పైచిలుకు, ఇక్కడ 49 సెంటీమీటర్లు. ఐదడుగుల ఏడంగుళాల మనిషి పన్నెండు మిల్లీమీటర్లు అవుతాడు, వడ్లగింజ కంటే కాస్త పొడుగు. ఇంతవరకూ ఎవరైనా లెక్కేసుకోవచ్చు. అసలు తమాషా తర్వాత మొదలవుతుంది. విమానం ఒంటి మీద రేకూ రేకూ కలిసేచోట సన్నటి గీత ఉంటుంది కదా, కిట్టు తయారుచేసేవాళ్ళు దాన్ని 0.3 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కారనుకోండి. చూడ్డానికి చాలా సున్నితంగా ఉంటుంది. 144తో హెచ్చవేస్తే 43 మిల్లీమీటర్లు. అసలు విమానం మీద రెండు వేళ్ళు దూరేంత సందు అన్నమాట! ఆ విమానం ఎక్కమంటే మీరెక్కుతారా? అయినా డబ్బా మీద బొమ్మ చూసి అందరూ మెచ్చుకునేది ఆ గీతల్నే, "అబ్బ, ఎంత డీటెయిలో" అని. వివరం ఎక్కువ కనిపించినంత మాత్రాన అది నిజానికి దగ్గరైనట్టు కాదు. చాక్లెట్ల ట్రే రెండు వేళ్ళ లోతున చెక్కి, విమానాన్నే వదిలేసిన వ్యాసం కూడా అలాంటిదే.

రంగుల సంగతి ఇంకా గమ్మత్తు. అసలు విమానానికి వేసిన రంగే తెచ్చి మోడల్‌కి వేస్తే ముదురుగా కొడుతుంది. విమానాన్ని మనం ఎప్పుడూ దూరం నుంచి, మధ్యలో ఉన్న గాలిలోంచి చూస్తాం. ఆ దూరం రంగుని వెలిసిపోయేట్టు చేస్తుంది. అందుకని మోడల్ చిన్నదయ్యేకొద్దీ రంగులో కాస్త తెలుపు కలపాలని ఒక వర్గం, అక్కర్లేదు అని ఇంకో వర్గం. దీని మీద మోడలర్ల మధ్య జరిగే గొడవలు చూస్తే గ్రాంథిక వ్యావహారిక వాదాలు చిన్నబోతాయి. కానీ ఆ గొడవలో నాకు నచ్చేది ఒకటుంది. కలిపినవాడు ఎంత కలిపాడో చెప్తాడు. జ్ఞాపకంలో తెలుపు కలిపేవాళ్ళు చెప్పరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన పాత విమానాల నోస్టాల్జియాకి రాజధాని ఒకటుంది, ఎయిర్ ఇండియా 747. కంపెనీకి మొదటి జంబో 1971లో వచ్చింది. నంబరు వీటీ-ఈబీడీ, పేరు ఎంపరర్ అశోక. ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి ఝరోకా తోరణం గీశారు. గాల్లో రాజస్థానీ మహల్ వెళ్తున్నట్టుంటుంది. లోపల చీరలు కట్టుకున్న ఎయిర్‌హోస్టెస్‌లు, పైన లాంజ్, 1946లో పుట్టి అప్పటికే పాతికేళ్ళుగా వంగి వంగి దణ్ణం పెడుతున్న మహారాజా బొమ్మ. ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు ఆ ఫొటోలు పెట్టి "అది కదా స్వర్ణయుగం!" అని నిట్టూరుస్తారు. నిట్టూర్చేవాళ్ళలో చాలామంది 1971కి పుట్టి ఉండరు. పుట్టినవాళ్ళ ఇళ్ళల్లో ఆ టికెట్టు కొనే స్తోమత ఉండి ఉండదు. మహారాజా ఎవరికి వంగి దణ్ణం పెట్టాడో వాళ్ళ తరఫున మనం నిట్టూరుస్తున్నాం.

సరే, నిట్టూర్చండి. కానీ ఈబీడీ కథ సగంలో ఆపకండి. 1978 జనవరి 1 రాత్రి ఆ విమానం బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరింది. విమానం ఎటు ఒరిగిందో చూపించే పరికరం ఒకటుంటుంది. కెప్టెన్ ముందున్నది చెడిపోయి, కుడివైపు ఒరిగినట్టు చూపిస్తూ ఉండిపోయింది. నిజానికి విమానం అప్పుడు సమంగానే ఉంది. లేని ఒరుగుడుని సరిచేయడానికి ఆయన ఎడమకి తిప్పారు. బయట చీకటి, కింద సముద్రం, నీళ్ళెక్కడో ఆకాశమెక్కడో చెప్పే గీత లేదు. గాల్లోకి లేచిన రెండు నిమిషాల్లోపే బాంద్రా తీరానికి దగ్గర్లో అరేబియా సముద్రంలో పడిపోయింది. 213 మంది. ఒక్కరూ మిగల్లేదు.

ఆ ఝరోకాల అందం గురించి నేను చదివినవాటిలో ఈ రాత్రి ఉన్నది బహు తక్కువ. ఉద్దేశపూర్వకంగా దాచారని అనను. దాచాల్సిన అవసరమే రాలేదు, అది నా ఫిర్యాదు. "ఎయిర్ ఇండియా జంబో" అని ఊరుకుంటే ఏ విమానమో తేల్చుకోనక్కర్లేదు, తేల్చుకోనప్పుడు దానికేమయిందో తెలుసుకోనక్కర్లేదు. మోడల్ చేసేవాడికి ఈ వెసులుబాటు లేదు. ముక్కు దగ్గర పేరు, వెనక నంబరు అతికిస్తేగానీ ఎయిర్ ఇండియా 747 పూర్తవదు. పట్టకారుతో "ఎంపరర్ అశోక" అనే డెకాల్‌ని నీళ్ళల్లోంచి తీసి జార్చే ముందు, ఏం చేస్తున్నావో నీకు తెలిసుండాలి. తెలిసీ అతికిస్తావా, ఇంకో పేరు వెతుక్కుంటావా అన్నది నీ ఇష్టం. వీటీ-ఈఎఫ్ఓ అన్నా అంతే. అది కనిష్క. 1985 జూన్ 23న ఐర్లండ్ దగ్గర బాంబు పేలి 329 మందితో అట్లాంటిక్‌లో కలిసిపోయిన విమానం.

పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. ఆ 747లన్నిటికీ చక్రవర్తుల పేర్లు పెట్టారు. అందులో వీటీ-ఈఎఫ్‌యూ పేరు కృష్ణదేవరాయ. ఆముక్తమాల్యద మీద గంటసేపు మాట్లాడగలిగినవాళ్ళు మనలో బోలెడుమంది ఉన్నారు. రాయల పేరు ముక్కు మీద రాసుకుని ఒక బోయింగ్ ప్రపంచం తిరిగిందని వాళ్ళల్లో ఎందరికి తెలుసు? తెలిసి తీరాలని కాదు. భాషా గర్వం, చరిత్ర గర్వం అని ఇంత హడావుడి చేసేవాళ్ళం, కళ్ళెదురుగా నాలుగు ఇంజన్లతో గర్జించిన దాన్ని చూడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

సొంత ముచ్చట ఒకటి. 1999 వేసవిలో నా పదేళ్ళప్పుడు బేగంపేట నుంచి ఢిల్లీకి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ300లో వెళ్ళాం. రెండు నడవలున్న విమానం. సీట్లు రెండు, నాలుగు, రెండు. మేం నలుగురం కాబట్టి మధ్య నాలుగూ మాకే ఇచ్చారు. అంచేత నా మొదటి ప్రయాణంలో మేఘాల్లేవు. పైకప్పు ఉంది. సామాన్ల అరల కింద సన్నటి లైటు వరస, ముందు క్లాసుకీ మాకూ మధ్య ఊగుతున్న పరదా, మెట్లెక్కే ముందు బస్సు దిగినప్పుడు కొట్టిన కిరసనాయిలు లాంటి వాసన, ఇవీ నాకు దక్కినవి. ఆ ఇంధనం నిజంగానే కిరసనాయిలుకి దగ్గర చుట్టమని ఇంజినీరింగ్‌లో తెలిసింది. కిటికీ దొరకనివాడి ప్రయాణం కూడా ప్రయాణమే కదా. లెక్కేస్తే ఆ విమానంలో కిటికీ పక్కన వరసకి ఇద్దరే. మిగతా ఆరుగురూ తెలుగు వ్యాసాల్లో ఎక్కడున్నారు?

ఎ320 సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నా వాదనంతా దాని చక్రాల్లో ఉంది. ఎ320కి ప్రపంచంలో ఎక్కడ చూసినా వెనక ఒక్కో కాలికి రెండు చక్రాలుంటాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989 నుంచి తెచ్చుకున్నవాటికి ఒక్కో కాలికి నాలుగు. మన రన్‌వేలు కొన్ని అంత బరువు ఆపగలవో లేదోనని, బరువుని ఎక్కువ చక్రాల మీద పరచడానికి ప్రత్యేకంగా చేయించుకున్న ఏర్పాటు. పెళ్ళివంట గుండిగని ఇద్దరు మోసే బదులు నలుగురు మోసినట్టు. దేశం సంగతి, సిమెంటు సంగతి, డబ్బు సంగతి, ఆ రోజుల్లో మన ఇంజినీర్లు ఫ్రాన్సు కంపెనీతో కూర్చుని ఏం అడగగలిగారన్న సంగతి, అన్నీ ఆ ఎనిమిది చక్రాల్లో ఉన్నాయి. "మా కాలంలో విమానాశ్రయాలు చిన్నగా ఉండేవి" అన్న వాక్యంలో అదేమీ లేదు.

కిట్టులో వచ్చేవి రెండు చక్రాలే. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కావాలంటే మిగతావి మనం చేసుకోవాలి. బియ్యపు గింజంత ఇరుసులు, వాటిని కలిపే దూలం, సూదితో పట్టుకుని అతికించడం. నాకు మూడు వారాంతాలు పట్టింది. చెయ్యకపోతే? ఏమీ కాదు. తోక మీద నారింజ రంగు చూసి అందరూ గుర్తుపడతారు, అల్మరాలో బాగానే ఉంటుంది. కింద చక్రాలు ఎవరు లెక్కపెడతారు? అదే మాట అని వదిలేస్తే మిగిలేది ఒక ఫ్రెంచి విమానం, దాని మీద మన రంగు. మన జ్ఞాపకాల సాహిత్యం చాలావరకు అదే. ఎక్కడిదో మూస, పైన మన రంగు. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో దిగబోతూ కూలిన విమానం కూడా ఈ ఎ320ల్లో ఒకటే. 146 మందిలో 92 మంది పోయారు. తర్వాత ఆ రకం విమానాలన్నిటినీ కొన్నాళ్ళు నేల మీద కూర్చోబెట్టారు. కొత్త విమానం మీద, కంప్యూటర్ మీద, పైలట్ల మీద దేశమంతా వాదించుకుంది. సాఫ్ట్‌వేర్ నడిపే యంత్రాన్ని మనుషులు ఎంత నమ్మాలి అన్న ప్రశ్న మన దగ్గర చావులతో సహా వచ్చిన మొదటి సందర్భాల్లో అదొకటి. సాఫ్ట్‌వేర్ కూలీలం ఇన్ని వేలమందిమి తెలుగులో కథలు రాస్తున్నాం. వీకెండ్ పార్టీలు రాశాం, హెచ్-1బీ రాశాం, ఆన్‌సైట్ ఒంటరితనం రాశాం. ఈ కథ ఎవరికీ పట్టలేదు.

ఇక్కడ నా కవిమిత్రుడి అభ్యంతరం వినిపించాలి. ఈ వ్యాసం సగం అతన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. "నువ్వు సాహిత్యాన్ని స్పేర్ పార్ట్స్ దుకాణం చేస్తున్నావు. కవికి కావల్సింది ఎగరడం. నంబరు ప్లేటు కాదు" అంటాడు. మాట బాగుంది, కాదనను. కానీ ఎగరడం అన్నది కవిత్వంలో జరిగే ముందు రేకుల్లో, రెక్కల్లో, ఇంజన్లలో జరిగింది. దానికి ఎవరో లెక్క కట్టారు, ఎవరో బోల్టు బిగించారు. వాళ్ళని మేఘం కింద కప్పేసి ఎగిరిన ఘనత మొత్తం అనుభూతికి ఇవ్వడం ఏం న్యాయం? నేత మీద కవిత రాస్తే మగ్గం గుంట గురించి తెలుసుకోవాలని అతనే అంటాడు. తెలుసుకోకుండా రాసినవాళ్ళని ఉతికి ఆరేస్తాడు కూడా. యంత్రం పెద్దదయ్యేసరికి ఆ నియమం ఎందుకు సడలుతుందో అడిగితే టాపిక్ మారుస్తాడు. ఏ విమానమో తెలిసినంత మాత్రాన నాన్న గురించిన ఏడుపు తగ్గిపోతుందా? ఆయన ఆ రోజు ఏ యంత్రాన్ని నమ్మి నిన్ను తీసుకెళ్ళారో తెలిస్తే తగ్గుతుందా, పెరుగుతుందా?

మా మోడలర్లని కూడా వదలను. మా జాతిలో రివెట్లు లెక్కపెట్టే శాఖ ఒకటుంది. యాంటెన్నా ఒక మిల్లీమీటరు వెనక్కి వచ్చిందని నిద్ర మానుకుంటారు. ఆ విమానంలో ఎవరు తిరిగారు, టికెట్టు ఎంత, అది ఎందుకు పోయింది అంటే తెలియదు, అక్కర్లేదు. తళతళలాడే రంగు వేసి, గాజు పెట్టెలో పెట్టి, ఫొటో తీసి, ఇంకో డబ్బా తెరుస్తారు. నిజం విమానాలకి పొట్ట కింద జిడ్డు ఉంటుంది. తలుపుల దగ్గర గీరుకున్న గుర్తులుంటాయి. అవి వేస్తే అందం పోతుందంటారు. ఇది కూడా నోస్టాల్జియానే, చేతిలో కొలబద్ద ఉందంతే. పైగా ఖరీదైనది. బయటి నుంచి తెప్పించుకునే ఒక్క కిట్టుకీ, దాని డెకాల్స్‌కీ పెట్టే డబ్బుతో ఏడెనిమిది తెలుగు పుస్తకాలు వస్తాయి. కొలతలు వస్తే సరిపోదు, కొలిచిన దాని గురించి కుతూహలం ఉండాలి.

ఇదంతా ఎందుకింత గట్టిగా అరుస్తున్నానంటే, ఆ విమానాలు పోతున్నాయి. 2017 అక్టోబర్‌లో దీపావళి రద్దీకి ఎయిర్ ఇండియా ఢిల్లీ, ముంబై మధ్య 747-400 నడిపితే, పని కల్పించుకుని వెళ్ళి ఎక్కాను. రెండు గంటల ప్రయాణం. దూరం తక్కువ కాబట్టి ఇంధనం తక్కువ, ఆ బరువు లేక అంత పెద్ద ఒళ్ళూ పిట్టలా లేచింది. రెక్క చివర పైకి వంగడం చూస్తూ కూర్చున్నాను. (ఈసారి కిటికీ దొరికింది. మేఘాలున్నాయి. ఏమీ అనలేదు వాటిని.) పక్కాయన ఎక్కిన దగ్గర్నుంచీ నిద్ర. 2024 ఏప్రిల్‌లో ఆ 747ల్లో ఒకటి, ఆగ్రా అని పేరున్నది, ముంబై నుంచి లేచి, రెక్కలు అటూ ఇటూ ఊపి అమెరికా వెళ్ళిపోయింది. విడిభాగాల కింద విప్పెయ్యడానికి. ఆ రెక్కలూపిన వీడియో చూసి మళ్ళీ అందరికీ కళ్ళు చెమర్చాయి. ఒక్కదాన్నైనా ఉంచుకుని ఉండాల్సింది కదా అని అడిగినవాళ్ళు ఎందరు? సియాటిల్‌లో మొట్టమొదటి 747ని దాచుకున్నారు. పారిస్ పక్కన ల బుర్జేలో ఒక 747 లోపలికి ఎక్కి తిరగొచ్చు. టూలూజ్‌లో ఎ300 ఉంది.

మన దగ్గర ఏముంది? విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది, బాగా ఉంచారు, వెళ్ళి చూడండి. అది జలాంతర్గాముల్ని వేటాడిన నేవీ విమానం. ప్రయాణికుల విమానానికి ఏం దక్కింది? 2022 నవంబర్‌లో కొచ్చి నుంచి హైదరాబాద్ వస్తున్న ఒక పాత విమానం బాపట్ల జిల్లాలో మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది గుర్తుందా? రెక్కలు తీసేసి ట్రైలర్ మీద పడుకోబెట్టి తీసుకొస్తున్నారు, రెస్టారెంట్ చెయ్యడానికి. ఊళ్ళవాళ్ళు సెల్ఫీలు తీసుకున్నారు. దేశమంతా నవ్వుకుంది. ఆ వారమంతా ఆఫీసులో నాకు అదే ఫొటో పంపించారు, "నీ విమానం వచ్చింది చూడు" అని. బాంబులు మోసినదానికి మ్యూజియం, మనుషుల్ని మోసినదానికి బిర్యానీ. బిర్యానీ మీద నాకు కోపం లేదు, కనీసం వాళ్ళు డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. సంస్కృతి, వారసత్వం అని మాట్లాడేవాళ్ళు అది కూడా చెయ్యలేదు. బేగంపేటకి కూడా ఇదే గతి. నిజాం ప్రభుత్వానికీ టాటాలకీ వాటాలున్న డెక్కన్ ఎయిర్‌వేస్ అక్కణ్ణుంచే డకోటాలు నడిపింది. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ ఎగిరింది ఆ కంపెనీలోనే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008 మార్చి 23న ప్రయాణాలన్నీ శంషాబాద్‌కి మారిపోయాయి. ప్రకాష్ నగర్ మేడల మీద నుంచి విమానాలు దిగడం ఆగిపోయిందని జ్ఞాపకాలు రాశాం. డెక్కన్ ఎయిర్‌వేస్ రంగుల్లో డకోటా చేద్దామని నేను చూస్తే ఒక్క డెకాల్ షీటు దొరకలేదు. అమెరికాలో ఏ మారుమూల కంపెనీది కావాలన్నా దొరుకుతుంది.

చివరగా ఒక మనిషి గురించి. స్నేహితుడి వాళ్ళ నాన్నగారు, జగిత్యాల దగ్గర ఊరు, దుబాయ్‌లో పదిహేనేళ్ళు పనిచేశారు. నా బల్ల మీద విమానాలు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 1989లో మొదటిసారి బొంబాయి నుంచి వెళ్ళిన సంగతి చెప్పారు. మేఘాలు లేవు, చాక్లెట్టు లేదు. "రెండు, నాలుగు, రెండు. నేను నాలుగిట్ల నడ్మ. ఇటొకాయిన, అటిద్దరు, అందరు పండుకున్నరు. బాత్రూంకు లేవాల్నంటే లేపాలె. ఎట్ల లేపుత? దుబాయ్ దాక అట్లనే కూసున్న."

ఆ ఒక్క లెక్కతో 747 కాదని తేలిపోయింది, దానికి మూడు నాలుగు మూడు. అప్పట్లో ఎయిర్ ఇండియాకి అలాంటి సీట్లున్నవి ఎ300లూ ఎ310లూ. "అంకుల్, రెక్క చివర ఏమైనా ఉందా, గుర్తుందా?" అని అడిగాను. బస్సులోంచి చూశారట. "సిన్న మూలల ముక్క, మీదికి కిందికి" అని వేళ్ళతో చూపించారు. ఎ310-300. ఆ త్రికోణం దానికే ఉంటుంది. ముప్ఫై అయిదేళ్ళ కింద, పాస్‌పోర్టు జేబులో తడుముకుంటూ, ఎటు తీసుకుపోతున్నారో తెలియని మనిషి రెక్క చివర చూసి పెట్టుకున్నాడు. చదువుకున్నవాళ్ళం మనం చూడలేదు.

తర్వాత ఆయన మోడల్ కిటికీల్లోంచి ఒక కన్ను మూసి తొంగి చూశారు. "లోపట సీట్లు లెవ్వా బిడ్డా?"

లేవు. ఈ స్కేల్‌లో ఎవరూ పెట్టరు. కిటికీలు కూడా చాలాసార్లు నల్లటి డెకాల్సే, అవే అసలు దానికి దగ్గరగా కనిపిస్తాయని నేనే వాదిస్తుంటాను. కిట్టు చేసేవాళ్ళ దృష్టిలో విమానం అంటే బయటి వైపే.

ఎ310 కిట్టు తెప్పించాను. ఒళ్ళు వెడల్పు 39 మిల్లీమీటర్లు. ఎడమ సగం అతికించకుండా వదిలేస్తున్నాను, లోపల కనిపించాలి కాబట్టి. ఒక్కో సీటు మూడు మిల్లీమీటర్లు, వరసకీ వరసకీ మధ్య ఐదున్నర. ప్లాస్టిక్ రేకు కోసి, రెండు, నాలుగు, రెండు చొప్పున అతికిస్తున్నాను. రాత్రికి ఒక వరస, ఓపికుంటే రెండు. ఇప్పటికి పందొమ్మిది అయ్యాయి. ఆయనది ముప్ఫై ఒకటో వరస.